కొనువానిని తూచు త్రాసు

గత మాసమున ఖమ్మము పట్టణమందలి యొక పఠనమందిరమున సాయంకాలపు పత్రికాపఠనము ముగిసిన పిమ్మట జరిగిన చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాము. ఒక పాఠశాలోపాధ్యాయులు వానకోటు కొనదలచి తమ ఫోనులో వెదకుచుండిరి. ప్రక్కన కూర్చున్న మిర్చి అడ్తివ్యాపారి గుమాస్తా తానును ఆ యంగడినే తెఱచి, ఆ మాటనే వ్రాసెను. అంగడి యొకటి, వస్తువొకటి, వెదకిన మాట యొకటి. కాని యుపాధ్యాయులకు మొట్టమొదట కనబడిన కోటు గుమాస్తాకు ఎంత క్రిందికి జరిపినను కనబడలేదు. ఒకరికి తగ్గింపు కూపను వచ్చెను. రెండవవారికి కూపనుకు బదులు, రెండే మిగిలినవను హెచ్చరిక ఎఱ్ఱని యక్షరములలో వచ్చెను. "ఏమండీ మాష్టారూ, మన ఇద్దరిలో ఎవరికి తొందర ఎక్కువో దీనికి ముందే తెలిసినట్లున్నదే" అని గుమాస్తా నవ్వెను. చుట్టునున్నవారందఱు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు.

ఏలయన, అమ్మువానికి కొనువాని యవసరమంతయు తెలిసి, కొనువానికి అమ్మువాని లెక్క యేమియు తెలియకుండుట యనునది ఈ భద్రాచలపు అడవి యంచున క్రొత్త సంగతి కాదు. ఆ వ్యవహారమునందు ఇచ్చటి జనులు ఎన్ని తరములు నష్టపడిరో, ఆ నష్టము నాపుటకు ఎన్ని శాసనములు పుట్టవలసివచ్చెనో, న్యాయవాదవృత్తిలో ఇరువది యేండ్లకు పైగా నున్న మాకు కొంత తెలియును. ఆ పాత వ్యవహారమే నేడు అద్దపు పలకమీద మరల నారంభమైనదని మా యభిప్రాయము.

కృత్రిమ మేధ యనగానే మనవారిలో కొందఱు దానిని దయ్యమువలెను, మఱికొందఱు దేవతవలెను భావించుచున్నారు. అంగడిలో పని చేయు కృత్రిమ మేధ రెండును కాదు, అది లెక్క. 2003వ సంవత్సరమున అమెజాను కంపెనీకి చెందిన గ్రెగ్ లిండెన్, బ్రెంట్ స్మిత్, జెరెమీ యార్క్ అను మువ్వురు తమ లెక్కల పద్ధతిని ఒక వ్యాసముగా ప్రకటించిరి. మనిషిని మనిషితో పోల్చుటకంటె వస్తువును వస్తువుతో పోల్చుట సులభమని వారు కనుగొనిరి. లాంతరు కొన్నవారిలో ననేకులు వత్తిని గూడ కొన్నచో, లాంతరును చూచుచున్నవానికి వత్తిని చూపవలెను. ఇంతమాత్రము మన కమాన్ బజారులోని కొట్టు గుమాస్తాయు చేయగలడు. దానిని తప్పుపట్టుటకు లేదు.

కాని యప్పటినుండి యంత్రము చాల దూరము నడచినది. అది కొనుటను మాత్రమే గాక చూచుటను గూడ లెక్కించుట నేర్చినది. వ్రేలు ఏ బొమ్మయొద్ద నిలిచెను, ఎంతసేపు నిలిచెను, ధర చూచి వెనుకకు మరలెనా, బుట్టలో వేసి విడిచెనా, విడిచినవాడు మఱునాడు మరల వచ్చెనా అను సంగతులన్నియు దానికి పద్దులే. 2025 జనవరిలో అమెరికా దేశపు ఫెడరల్ ట్రేడ్ కమీషనువారు ప్రకటించిన తొలి పరిశీలనలో, ఒకడున్న చోటు, వాడు చూచిన పుటలు, బుట్టలో విడిచిన సరకు, తెరమీద మౌసు కదలిన తీరు వఱకును వానికి చూపు ధరను నిర్ణయించుటకు వాడదగిన సమాచారముగా సమకూర్చబడుచున్నవని తెలిపిరి. ఈ పద్దులన్నిటిని కలిపి యంత్రము తనను తాను ఒకే ప్రశ్న వేసికొనును: ఇప్పుడు ఏది చూపినచో వీడు కొనును? వీనికి ఏది మేలు అను ప్రశ్న దానికి ఎవరును నేర్పలేదు. ఎఱ్ఱ యక్షరములు పెట్టినచో ఎక్కువమంది కొనుచున్నారా, పచ్చ యక్షరములు పెట్టినచో ఎక్కువమంది కొనుచున్నారా యని వేలకొలది జనులమీద ప్రయోగము చేసి, గెలిచినదానిని నిలుపుకొనును. ఆ ప్రయోగము జరుగుచున్నట్లు ప్రయోగింపబడువారికి తెలియదు. దీనికి తోడు వరుసలో ముందుచోటును సొమ్ము చెల్లించి కొనుక్కొన్న వర్తకులు కలరు. ప్రకటన యను చిన్నమాట బూడిదరంగులో ఒక మూల నుండును, కండ్లజోడు తీసినచో అదియు కనబడదు.

ఇప్పుడు సలహా చెప్పు యంత్రములును వచ్చినవి. అమెజానువారు రూఫస్ అను సహాయకుని 2024 ఆగస్టులో మన దేశమున ప్రవేశపెట్టిరి. ఏ మిక్సీ కొనవలెను, ఏ మందసము గట్టిది యని మనుష్యునడిగినట్లే యడుగవచ్చును. అది మర్యాదగా జవాబు చెప్పును. చెప్పుట మంచిదే. కాని సలహా యడుగునది దానినే, సరకు చూపునది అదియే, అమ్మునదియు ఆ యింటివారే. ప్రతివాది వకీలు వాదిని తన గదికి పిలిచి, మీ వ్యాజ్యమునకు ఏ యేర్పాటు మంచిదో నేను చెప్పెదను కూర్చుండుడని యనినచో, మా వృత్తిలో దానికి వేఱు పేరు కలదు.

ఇంతమాత్రమున పాత బజారు స్వర్గమని, ఈ ఫోను అంగడి నరకమని చెప్పుటకు మేము సిద్ధముగా లేము. అట్లు చెప్పువారు మన బజారులను ఎన్నడును పేదవాని వైపు నిలిచి చూచినవారు కారు. ఫ్లిప్‌కార్టు 2020 జూన్‌లోను, అమెజాను ఆ సంవత్సరమే సెప్టెంబరులోను తెలుగు లిపిలో తమ యంగడులను తెఱచినవి. ఇంగ్లీషు రాని గృహిణి తన కవసరమైన వస్తువును తన భాషలో వెదకి, నాలుగు ధరలు సరిచూచి, ఇష్టము లేనిచో తిరుగగొట్టగలుగుట చిన్న సంగతి కాదు. పల్లెకొట్టులో నలుగురి యెదుట అడుగుటకు సిగ్గుపడు వస్తువులను స్త్రీలు నేడు ఎవరి చూపును సహింపక తెప్పించుకొనుచున్నారు. అప్పు బాకీ యున్నాడని సరకు విసరి వేయు షావుకారు, కులము చూచి గడపకవతల నిలబెట్టు దుకాణదారు, వర్షాకాలమున దారి తెగినదని ఉప్పునకు ఇష్టము వచ్చిన ధర చెప్పు వర్తకుడు, వీరందఱి పట్టు ఈ ఫోనువలన కొంత సడలినది. సడలనిండు. అందుకు మేము విచారించుట లేదు.

గ్రంథాలయపు పని మీద దుమ్ముగూడెము వైపు వెళ్లినప్పుడు ఒక కోయ యిల్లాలు మమ్ము అడిగిన ప్రశ్న మాత్రము మా మనస్సును విడువకున్నది. కుమారునికి బడి చెప్పులు ఫోనులో కొన్న మఱునాటినుండి ఆమెకు పుస్తకాల సంచి, నీళ్ల సీసా, జామెట్రీ పెట్టె వరుసగా కనబడుచున్నవట. దిగువన ఇప్పుడు కొనుడు, తరువాత కట్టుడు అను మాటయు నున్నది. "మా పిల్లోడు బడికి పోతున్నాడని దీనికెవరు చెప్పారయ్యా?" అని ఆమె యడిగెను. కుమారుడు మాత్రము తల్లి యమాయికతకు నవ్వెను. ఆ ప్రశ్న అమాయికమైనది కాదు. చట్టసభలలో అడుగవలసిన ప్రశ్నను ఆమె వాకిట నిలిచి అడిగినది.

ఈ ప్రాంతమున ఆ ప్రశ్నకు గల పూర్వచరిత్రను కొంత చెప్పవలెను. భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు 1874లో మధ్యపరగణాలనుండి గోదావరి జిల్లాకు చేర్చబడినవి. నది కావల నిజాము రాజ్యము. 1879లో రంప మన్యమున తిరుగుబాటు చెలరేగి, ఆ వేసవి గడచునప్పటికి రేకపల్లికిని ప్రాకెను. మన్సబుదారు దురాగతములు, కల్లుపన్ను మొదలైన కారణములు చరిత్రపుస్తకములలో నున్నవి. విచారణకు వచ్చిన దొరతన మధికారి వానితోపాటు మఱియొక కారణమును గూడ వ్రాసెను. మైదానపు వర్తకులు కొండవారితో మిక్కిలి యన్యాయమైన ఒప్పందములు వ్రాయించుకొని, వానికి తమ యిష్టము వచ్చిన యర్థము చెప్పి, దూరపు కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది రాకుండగనే ఎక్స్‌పార్టీ డిక్రీలు పొంది, చేతికందిన సొత్తును జప్తు చేసికొని పోవుచుండిరని యా యధికారి తేల్చెను. వేలిముద్ర వేసినవానికి ఆ కాగితములో నేమున్నదో తెలియదు. డిక్రీ యయినదనియు తెలియదు. అమీను గుమ్మములోనికి వచ్చినప్పుడే తెలియును.

దొరతనమువారికి కన్ను తెఱచుటకు మఱి ముప్పదియెనిమిది యేండ్లు పట్టినది. 1917వ సంవత్సరపు మద్రాసు 1వ చట్టము ఏజెన్సీ ప్రాంతములకై పుట్టినది. కొండజాతివానిమీద నూటికి సాలుకు 24 రూపాయలకు మించిన వడ్డీని కోర్టు ఇప్పింపరాదనియు, వడ్డీమీద వడ్డీ చెల్లదనియు, వడ్డీకి పైబడి వర్తకుడు చాటుగా లాగుకొను ఏ యితర లాభమును చెల్లదనియు అది శాసించెను. ఈ చివరి మాటను వ్రాసినవాడెవడో సంతలను చక్కగా నెఱిగినవాడు. అసలును వడ్డీని కాగితముమీద కనబడును. కనబడనిది ఆ చాటు లాభమే. చింతపండు తూచునప్పుడు ఒక తూనికరాయి, ఉప్పు కొలుచునప్పుడు ఒక సోల. ఇప్పపువ్వు రాలు మాసములలో ఇంట గింజ లేదని తెలిసి చెప్పిన ధర యొకటి, పంట చేతికి వచ్చినప్పుడు చెప్పిన ధర యొకటి. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ గోదావరి గట్టులలోని కొండరెడ్లతో నివసించి 1945లో ప్రకటించిన గ్రంథమున, కలప వెదురు వర్తకుల అప్పుల క్రింద వారు ఎట్లు చిక్కిరో వివరముగా వ్రాసెను. షావుకారు బలము ధనము మాత్రమే కాదు. ఏ యింట ఎప్పుడు పెండ్లియగునో, ఎవనికి జ్వరము వచ్చెనో, ఎవని యెద్దు చచ్చెనో వానికి తెలియుటయే వాని యసలు పెట్టుబడి.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1959లో షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు రెగ్యులేషనును, 1960లో వడ్డీవ్యాపారుల రెగ్యులేషనును పుట్టినవి. లైసెన్సు లేక అప్పిచ్చుట నేరమైనది. 1970వ సంవత్సరపు సవరణ యన్నిటికంటె ముఖ్యమైనది. ఏజెన్సీ ప్రాంతమున గిరిజనేతరుని చేతిలోనున్న భూమి, కాదని రుజువగువఱకు, గిరిజనునినుండి వచ్చినదిగనే భావింపబడవలెనని ఆ సవరణ చెప్పినది. అనగా రుజువు భారమును బలహీనుని భుజమునుండి దింపి, దస్తావేజులు పెట్టెలో నుంచుకొన్న బలవంతుని భుజమున పెట్టినది. ఈ చట్టములు అమలులో ఎంత కుంటుపడినవో, ఎన్ని యెకరములు వాని కన్నుగప్పి చేతులు మారినవో ఈ జిల్లాలలో ఎఱుగనివారు లేరు. అమలు కుంటుపడినంతమాత్రమున ఆ సూత్రము తప్పు కాజాలదు. లెక్కపుస్తకము ఎవని చేతిలో నున్నదో జవాబు చెప్పవలసినవాడును వాడే.

ఇప్పుడు ఫోను అంగడిని ఈ త్రాసున పెట్టి చూడుడు. షావుకారుకు తెలిసినది నాలుగు పల్లెల సంగతి. యంత్రమునకు కోట్లమంది సంగతి తెలియును. షావుకారు మొగము మనకు తెలియును. మోసము పసిగట్టినచో సంతలో నలుగురు కూడి వాని త్రాసు పట్టుకొని అడుగవచ్చును. ఎవనికి ఎంత చెప్పెనో సాయంకాలమునకు దారిలో తెలిసిపోవును. ఫోనులోని సంతయందు ఒక్కొక్కడు ఒంటరిగా నిలిచియున్నాడు. ప్రక్కవానికి ఏమి చూపినదియు వీనికి తెలియదు, వీనికి ఏమి చూపినదియు ప్రక్కవానికి తెలియదు. ఆ పఠనమందిరమున రెండు ఫోనులు ప్రక్కప్రక్కన నుండుట కేవలము కాకతాళీయము. కిరాణాకొట్టు త్రాసునకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర యుండవలెను. ముద్ర లేనిచో జరిమానా. కొనువానిని తూచు ఈ త్రాసునకు ముద్ర వేయు అధికారి యెవడు?

కొనుట కొనకపోవుట వాని యిష్టము గదా, ఎవరు బలవంతము చేసిరి అని కొందఱు విద్యావంతులు మమ్ము ప్రశ్నించుచున్నారు. 1879లో వేలిముద్ర వేసినవానిని గూడ ఎవరును చేయి పట్టి లాగలేదు. వాదము చేయు పెద్దలు తమ ఫోనులో అంగీకరించితినను గడిని నొక్కుటకు ముందు ఆ నిబంధనలను ఎన్నిసార్లు చదివిరో గుండెమీద చేయి వేసికొని చెప్పవలెను. మేము వకీలులము, మేమును చదువలేదు.

చట్టము పూర్తిగా నిద్రించుచున్నదనుట న్యాయము కాదు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2020 జూలైలో ఎలక్ట్రానిక్ వర్తకపు నియమములు వెలువడినవి. ఒకే తరగతికి చెందిన వినియోగదారుల మధ్య వివక్ష చూపరాదనియు, వారిని ఇష్టము వచ్చినట్లు వర్గములుగా విభజించి వారి హక్కులకు భంగము కలిగింపరాదనియు అందు స్పష్టముగా నున్నది. సరకులను వర్తకులను ఏ ప్రాతిపదికమీద వరుస పెట్టుచున్నారో, అందులో దేనికెంత ప్రాధాన్యమో, సులభముగా అర్థమగు భాషలో అందఱికి కనబడునట్లు తెలుపవలెనని గూడ నున్నది. 2023 నవంబరు 30వ తేదీన మాయపన్నుగడలను నిషేధించు మార్గదర్శకములు వచ్చినవి. పదుమూడు రకముల మాయలు అందు పేర్కొనబడినవి. లేని తొందరను కల్పించుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట, వద్దన్నవానిని సిగ్గుపఱచు మాటలు వ్రాయుట, అసలు ధరను చివరి మెట్టువఱకు దాచుట, ప్రకటనను వార్తవలె చూపుట మొదలైనవి. గుమాస్తాకు కనబడిన ఎఱ్ఱ యక్షరములు నిజము గానిచో ఈ జాబితాలోనివే. అయితే 2025 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థవారు, మూడు మాసములలో తమ్ము తామే పరీక్షించుకొని మాయలు లేవని చూచుకొనుడని కంపెనీలకు సలహా యిచ్చిరి. షావుకారునే పిలిచి, మీ తూనికరాళ్లు సరిగా నున్నవేమో మీరే చూచుకొని చెప్పుడని యడిగినట్లున్నది.

ధర విషయమున ఆ సంస్థవారు 2025 జనవరిలో ఓలా, ఊబరు కంపెనీలకు నోటీసులు పంపిరి. ఒకే ప్రయాణమునకు ఫోను రకమునుబట్టి వేఱు ధరలు చూపుచున్నారని ఫిర్యాదులు వచ్చుటయే కారణము. రెండు కంపెనీలును ఆ యారోపణను కాదనినవి. కాదనుట వారి హక్కు. లెక్క చేసిన యంత్రము వారి యింటనుండగా, అవునని రుజువు చేయు భారము మాత్రము ప్రయాణికునిమీద నున్నది. ఇచ్చటనే 1970 నాటి సూత్రము జ్ఞప్తికి రావలెను. ఒకని యెఱుకలోనే ప్రత్యేకముగా నున్న సంగతిని రుజువు చేయు భారము వానిదే యని మన సాక్ష్యచట్టము సాధారణ వ్యవహారములలోనే చెప్పుచున్నది. ఇద్దఱికి రెండు వరుసలు, రెండు ధరలు, రెండు కూపనులు చూపబడినవని పిటీషనుదారుడు చూపినంతనే, కారణము చెప్పుకొను భారము అంగడిమీద పడునట్లు నియమములను సవరింపవలెనని మేము కోరుచున్నాము. మా ప్రధానమైన కోరిక యిదియే. న్యూయార్కు రాష్ట్రమున 2025 నవంబరునుండి, కొనువాని స్వంత సమాచారమును వాడి యంత్రము నిర్ణయించిన ధరప్రక్కన ఆ సంగతిని వ్రాయవలెనని శాసనము అమలులోనికి వచ్చినది. ఐరోపాలో 2023 ఆగస్టునుండి పెద్ద అంగడులు మన జాడలను లెక్కింపని వరుసను గూడ ఎన్నుకొను వీలు చూపవలసియున్నది. వారికి సాధ్యమైనది మనకు అసాధ్యము కాజాలదు.

ఇక భాష. నియమములలో సులభముగా అర్థమగు భాషలో నని యున్నది గదా, ఎవరికి అర్థమగు భాష? అంగడి తెలుగు, బొమ్మల క్రింద మాటలు తెలుగు, కొనుడను పిలుపు తెలుగు. షరతులయొద్దకు వచ్చునప్పటికి ఇంగ్లీషు. 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున, సమ్మతి కోరు నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషయందుగాని చదువుకొను వీలు కల్పింపవలెనని యున్నది. 2025 నవంబరులో నియమములు వెలువడినవి. ముఖ్యభాగములకు పదునెనిమిది నెలల గడువు పెట్టిరి. తెలుగువారికి ఇది మంచి యాయుధము. కాని యా షెడ్యూలులో ఇరువదిరెండు భాషలే కలవు, కోయభాష లేదు. దుమ్ముగూడెపు టిల్లాలికి ఆమె యింటిభాషలో నోటీసు ఇచ్చుట యే చట్టమునకును విధి కాలేదు. మాటలాడిన మాటను పట్టి సరకు వెదకిపెట్టు యంత్రమునకు, మాటలాడి షరతు చెప్పుట కష్టమా? అమ్ముటకు గొంతున్నది, జవాబు చెప్పుటకు గొంతు లేదా?

కోర్టు దూరము గూడ పాత సమస్యయే. 2019 చట్టము అన్యాయపు ఒప్పందమను క్రొత్త మాటను ప్రవేశపెట్టినది. అందుకు శాసనకర్తలను అభినందింపవలసినదే. కాని యట్టి యొప్పందముమీది ఫిర్యాదు జిల్లా కమీషనుయొద్ద చెల్లదు. రాష్ట్ర కమీషనునకు, అనగా మనకు హైదరాబాదునకు, పోవలెను. ఫిర్యాదును ఇంటినుండియే కంప్యూటరుద్వారా పంపవచ్చునని అధికారులు చెప్పుదురు. పంపవచ్చును. చెప్పులకై చెల్లించిన మూడువందల రూపాయలకొఱకు ఎవడు పంపును? అందఱి మూడువందలు కలిసినప్పుడే యది పెద్ద మొత్తమని యంత్రమునకు తెలియును, మనకు తెలియదు.

అమ్మువారి పక్షమునను ఒక మాట. భద్రాచలపు స్త్రీలు చిరుధాన్యములతో చేయుచున్న భద్రాద్రి మిల్లెట్ మేజిక్ అను బిస్కట్లు లండనువఱకు పోవుచున్నవని 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియోప్రసంగమున ప్రస్తావించిరి. సంతోషము. అడవితేనె, కుంకుళ్లు, కొండచీపుళ్లు గూడ ఈ క్రొత్త సంతకు ఎక్కగలవు. కాని యంత్రము వరుస పెట్టునప్పుడు వెనుకటి అమ్మకములు, ప్రకటన రుసుము, గిడ్డంగి సామీప్యము చూచునేగాని, తన గుమ్మమునకు నాలుగు మైళ్లలో తయారైన సరకని చూడదు. వరుసలో తమవారికి ముందుచోటు ఇచ్చుచున్నారను ఫిర్యాదుపై పోటీ కమీషనువారు అమెజాను, ఫ్లిప్‌కార్టులమీద 2020 జనవరిలోనే విచారణకు ఉత్తర్వు చేసిరి. 2018లో ఫ్లిప్‌కార్టులో అధికభాగమును అమెరికా వాల్‌మార్టు కొన్నదని కొందఱు స్వదేశీ మిత్రులు కోపించుచున్నారు. యజమాని స్వదేశీయుడైనంతమాత్రమున దొంగత్రాసు మంచిత్రాసు కాదని వారికి మనవి.

పఠనమందిరములవారికి మా సూచన యొకటి కలదు. వారమున కొకసారి, పత్రికలు చదివిన పిమ్మట, నలుగురు తమ ఫోనులను బల్లమీద పెట్టి ఒకే వస్తువును ఒకే సమయమున వెదకుడు. ఎవరికి ఏది ముందు వచ్చెను, ధర యెంత, కూపను ఎవరికి, హెచ్చరిక ఎవరికి అని తేదీతో, వేళతో, తెర బొమ్మతో ఒక పుస్తకమున వ్రాయుడు. రెండే మిగిలినవను వస్తువు మూడుదినముల తరువాతను రెండే మిగిలియున్నదేమో చూడుడు. అనుమానమున్నచో 1915 అను జాతీయ సహాయసంఖ్యకు చెప్పుడు. ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారమునకు జిల్లా కమీషనులో రుసుము లేదు. వకీలు ఉండితీరవలెనను నియమమును లేదు. (మావారు కొందఱు ఈ వాక్యమునకు మామీద అలుగుదురు.) ఫిర్యాదు చేయువాడు తాను నివసించు చోటనే వేయవచ్చును. ఒకే నష్టము పొందిన పలువురు, కమీషను అనుమతితో, అందఱి పక్షమున ఒకే ఫిర్యాదు వేయుటకు 35వ సెక్షను వీలు కల్పించుచున్నది. ఆ పుస్తకము లేనిదే ఈ సెక్షను పనికిరాదు.

మేమును ఊరకుండలేదు. సరకుల వరుసకు గల ప్రాతిపదికను తెలుగున తెలుపవలసినదని కోరుచు ఒక అంగడి ఫిర్యాదుల యధికారికి ఖమ్మమునుండి ఒక లేఖను, దుమ్ముగూడెమునుండి ఆ యిల్లాలి పేర ఆమె ప్రశ్ననే మఱియొక లేఖగాను పంపితిమి. నలువదియెనిమిది గంటలలో అందినదని తెలుపవలెను, నెలలోపల పరిష్కరింపవలెను అని నియమము. అందినదను జాబులు రెండును గడువులోపలనే వచ్చినవి. రెండును ఇంగ్లీషులో నున్నవి, రెండింటను అక్షరము భేదము లేదు. నెల నిండుటకు ఇంకను పదునొకండు దినములు కలవు. జవాబు వచ్చినచో ఈ పుటలోనే ప్రకటింతుము. రానిచో, లేఖల నకళ్లతో జిల్లా కమీషనునకు పోవుదినమును ప్రకటింతుము.